రంజన్ ఫొటో

నా చిన్నతనంలో, పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు ఒకదాని వెంట ఒకటి లేస్తున్న రోజుల్లో, మా మేడ మీది గదిలో కోస్తా నుంచి వచ్చిన ఒకాయన కిరాయికి ఉండేవాడు. డ్యూటీ లేని పూట మెడలో కెమెరా వేసుకుని తిరిగేవాడు. మనుషులను తీసేవాడు కాదు. పెచ్చులూడిన గోడ, ఆరేసిన చీర నీడ, గుంటలో నీళ్ల మీద తేలే నూనె రంగులు తీసేవాడు. పొలాలు ఫ్యాక్టరీలకు పోతున్న కాలం. మా తాతయ్యకు ఆయన కెమెరా తిరుగుడు నచ్చలేదు.

"మన్షిని తియ్యడు, దేవుణ్ని తియ్యడు. గోడలతోని ఏం పనిరా ఈయనకు? జాగలు సూడనీకి ఎవడో తోలిండు. నువ్వు ఎన్క ఎన్క పోయి జెర కనిపెట్టు," అని నన్ను పంపాడు.

నక్కి నక్కి తిరిగాను. ఆయనకు తెలిసిపోయింది. తిట్టలేదు. ఒక అట్టముక్కకు చదరంగా కంత చేసి నా చేతిలో పెట్టాడు.

"సీఐడీ గారూ, ఊరికే తిరగడమెందుకు? ఇందులోంచి చూడండి. వస్తువు పేరు మర్చిపోయేదాకా దగ్గరికెళ్లండి," అన్నాడు నవ్వుతూ.

ఇదేదో నన్ను మచ్చిక చేసుకునే ఎత్తు అనుకున్నాను. అయినా చూశాను. పెనం మీది జొన్నరొట్టె కాలిన బీడు నేలలా కనిపించింది. మా సైకిల్ చక్రం వట్టి గీతలుగా విడిపోయింది. తాతయ్యకు మాత్రం ఇంకా ఏమీ దొరకలేదని చెబుతూ వచ్చాను.

ఒక ఉదయం ఆయన కెమెరా నాకే ఇచ్చాడు. వాకిట్లో మా రంజన్, అంటే తాగునీళ్ల పెద్ద మట్టికుండ, చెమర్చి ఉంది. ఏటవాలు ఎండ దాని పొట్ట మీద సగం దాకా వచ్చి ఆగింది. మూతీ అడుగూ రాకుండా ఆ వంపు ఒక్కటే తీశాను.

కడిగిన ఫొటోలు స్టూడియో నుంచి వచ్చేసరికి ఆయన డ్యూటీలో ఉన్నాడు. తాతయ్య కవరు విప్పాడు. నేను తీసిన ఫొటో దగ్గర ఆగిపోయాడు.

"గిది ఆడామె ఈపు గాదే?"

నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తడి గూడ ఆరలే సూడు. పక్కింటి పిల్ల మొన్న మెట్లకాడ మాట్లాడలే ఈయనతోని?"

పక్కింటి అక్క అడిగింది నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయని. నేను విన్నాను.

తాతయ్య ఆమెను అనరాని మాటలంటూనే రంజన్‌లో చెంబు ముంచుకుని నీళ్లు తాగాడు. నేను దాని పక్కనే నిలబడి ఉన్నాను. నోరు విప్పితే, కనిపెట్టమన్న మనిషి కెమెరానే పట్టుకున్నానని తెలుస్తుంది. దెబ్బలకు భయపడ్డాను.

సాయంత్రం ఆయన వచ్చి ఫొటో చూశాడు, నన్ను చూశాడు. "కుండండీ అది. మీ వాకిట్లో కుండే," అన్నాడు.

"మాకు కుండ తెల్వదా? పుట్టినకాడికెల్లి కుండనీళ్లే తాగుతున్నం!" అన్నాడు తాతయ్య.

తీసింది నేనని ఆయన చెప్పలేదు. నేనే చెబుతానేమోనని కాసేపు ఆగి చూశాడు. మర్నాడు గది ఖాళీ చేశాడు. పక్కింటి అక్క మళ్లీ మా వాకిట్లో అడుగు పెట్టలేదు.

మొన్న ఒక పెళ్లిలో మా చుట్టం ఒకాయన ఆ కథనే, అక్క పేరు చెప్పి మరీ, నవ్వుతూ చెప్పాడు. అందుకే ఇది రాస్తున్నాను. ఆ ఫొటోలో ఏ ఆడమనిషీ లేదు. ఉన్నది మా రంజన్. తీసింది నేను.

ఇప్పటికీ ఎవరైనా వేలెత్తి ఒక మనిషిని చూపిస్తే నా కళ్లు అటు పోవు. చూపించేవాళ్ల పక్కన ఏముందో వెతుకుతాయి.