పురుగు కుట్టింది నన్ను, జబ్బంటింది రాతికి

ఆ ఉదయం నాకు నూట ఏడు డిగ్రీల జ్వరం. మంచం కింద చెంబులో నీళ్లు మరిగిపోయాయి. సరే, నూట మూడు. చెంబు మాట అబద్ధం. నాకున్న ఈ అలవాటును ముందే ఒప్పుకుంటున్నాను. నా జబ్బులో సగం పురుగు తెచ్చింది, మిగతా సగం ఈ అలవాటు తెచ్చింది.

మాది ఆళ్లగడ్డ. విగ్రహాలు చెక్కే ఇల్లు. నాకు డెబ్బై రెండేళ్లు. ఉలి పట్టుకోబోతే చెయ్యి మామూలు కంటే ఎక్కువ వణికింది, తర్వాత ఒళ్లంతా వణికింది. అంతకు పది రోజుల ముందు బండలు చూడడానికి ముళ్లపొదల్లో తిరిగి వచ్చాను. అదీ ఇదీ కలిపి ఆలోచించేంత తెలివి ఎవరికుంది? వీధి చివరి ఆర్‌ఎంపీ రెండు ఇంజెక్షన్లు వేశాడు. నాలుగో రోజుకు మా కూతురు ఈశ్వరి నన్ను ఆటోలో వేసి నంద్యాల తీసుకుపోయింది.

ఈశ్వరి గురించి చెప్పాలి. నలభై దాటిన మనిషి. కాపురం మా వీధిలోనే, పని నా షెడ్డులోనే. నా చెయ్యి వణకడం మొదలై రెండేళ్లయింది. బయటివాళ్లకు తెలియదు. బనగానపల్లె పక్క ఒక ఊరివాళ్లు తమ గ్రామదేవత సుంకులమ్మ విగ్రహం కావాలని నా పేరు విని వచ్చారు. పాదాల నుంచి కిరీటం దాకా, ఆఖరికి కళ్లు కూడా, ఈశ్వరే చెక్కింది. ఆమె ఒంటరిగా చేసిన మొదటి ముఖం అది. అడిగింది ఒకటే. "ప్రతిష్ఠ నాడు నన్ను పిలుచుకపోయి, ఇది నా బిడ్డ చేసింది అని ఒక్క మాట చెప్పు నాయనా." చెప్తానన్నాను. అదే వారం ఆ ఊరివాళ్లు ఫోన్ చేస్తే, "కన్ను నేనే తెరిచినాను, నా ఊపిరి పోసి చెక్కినాను" అన్నాను. నోటికి అలా వచ్చేసింది.

నంద్యాలలో లేడీ డాక్టరు రిపోర్టులు చూసింది. "డెంగ్యూ నెగటివ్, మలేరియా నెగటివ్. ప్లేట్‌లెట్స్ పడిపోతున్నాయి. ఒంటి మీద ఎక్కడైనా నల్లటి మచ్చ ఉందా తాతా?"

లేదన్నాను. ఉంది. మొలతాడు కింద, తొడ మొదట్లో. ఆడమనిషి ముందు పంచె విప్పడం ఏమిటని దాచాను. రెండు రోజులు అలాగే పోయాయి. ఊపిరి అందక ఆక్సిజన్ పెట్టారు. మూడో రోజు ఒళ్లు తుడవడానికి వచ్చిన మగ నర్సు దాన్ని చూసి కేక పెట్టాడు. డాక్టరు పరుగున వచ్చింది.

"ఎస్కార్ ఇది. సిగరెట్టుతో కాల్చినట్టుంటుంది. స్క్రబ్ టైఫస్. మొదటి రోజే చూపించుంటే అప్పుడే డాక్సీ మందు మొదలుపెట్టేదాన్ని. సిగ్గు కోసం లంగ్స్ పోగొట్టుకుంటావా?"

ఈశ్వరి అడిగింది. "ఇంట్లోవాళ్లకు అంటుకుంటాదా మేడమ్?"

"అంటదు. పొదల్లో ఉండే చిన్న పురుగు కుడితే వస్తుంది. మనిషి నుంచి మనిషికి రాదు. పక్కన కూర్చొని అన్నం తినొచ్చు."

ఈ మాట నేను రెండు చెవులతో విన్నాను. అది గుర్తుంచుకోండి.

ఆ రోజుల్లో టీవీ పెడితే ఈ జ్వరం గురించే చెబుతున్నారు. మందు పడి కాస్త తేరుకున్నాక మా వీధి టీకొట్టు దస్తగిరి ఫోన్ చేశాడు.

"ఏం జబ్బంటన్నా?"

"చెప్పగూడదన్నారు దస్తగిరీ. దేశంలో నలుగురికే వచ్చినాదంట. ముగ్గురు పోయినారు."

"నాలుగో మనిషి?"

"నీతో మాట్లాడ్తాండాడు."

"అంటుకుంటాదా?"

"ఊపిరి తగిలితే చాలంట."

అతని గొంతు ఎక్కడో దూరం నుంచి వినబడింది. "స్పీకర్‌లో పెట్నాలే అన్నా, చెప్పు." నా ఊపిరి తగులుతుందని ఫోన్ చెవికి దూరంగా పట్టుకున్నాడు! ఆక్సిజన్ మాస్కు తీసి మరీ నవ్వాను. ఈశ్వరి గ్లాసులో పాలు కలుపుతోంది.

"ఎందుకట్ల చెప్తాండావ్ నాయనా?"

"ఊరికే లే."

ఇంటికి వచ్చాక పది రోజులు నేను రాజును. బస్సెక్కితే మూడు సీట్లు నావే. బ్యాంకు క్యూలో ఒకసారి దగ్గితే నేరుగా కౌంటరు దగ్గరికి దారి. రాని దగ్గు కూడా తెచ్చుకున్నాను. ఆ పది రోజులూ కొళాయి దగ్గర వీధి ఆడవాళ్లు ఈశ్వరి బిందెను కాలితో పక్కకు నెట్టి, "మీరు అందరికన్నా చివర పట్టుకోండి" అన్నారట. ఆమె నాతో అనలేదు. తర్వాత తెలిసింది. తెలిశాక కూడా నేను దస్తగిరి దగ్గరికి పోయి నిజం చెప్పలేదు. రెండు రోజుల్లో అందరూ మరిచిపోతారులే అనుకున్నాను.

సుంకులమ్మను తీసుకుపోవడానికి ఆ ఊరి పెద్దరెడ్డి, ఇంకో నలుగురు ట్రాక్టర్ తెచ్చారు. గేటు దాటి లోపలికి రాలేదు. తువ్వాళ్లు ముక్కుకు కట్టుకొని రోడ్డు మీదే నిలబడ్డారు.

"ఆచారీ, అమ్మవారికి అభిషేకం చేసి ఆ నీళ్లు ఊరంతా తీర్థం తాగాల. పసిబిడ్డల నోట్లో పోస్తాం. నీ ఊపిరి పోసి చెక్కినానంటివే. ఊపిరి తగిలితే చాలని గూడా నువ్వే అంటివంట."

"ఊరికే మాటకు అంటిని రెడ్డీ. అది అంటుకునే జబ్బు గాదు." డిశ్చార్జి కాగితం చాచాను. చేత్తో తీసుకునేవాడు లేడు. కింద పెట్టమన్నారు. ఒకడు పుల్లతో మడత విప్పి, వంగి చదివాడు. అంతా ఇంగ్లీషు, మందుల పేర్లు.

"అంటదని యాడ రాసినారప్పా దీంట్లో?"

ఎక్కడా రాయలేదు. డాక్టరు నోటితో చెప్పింది. నోటి మాట నమ్మమని ఆ ఊరిని అడిగే హక్కు నాకు లేకపోయింది.

అప్పుడు దాచిన నిజం బయట పెట్టాను. "నేను ఆ రాయిని ముట్టనే లేదు రెడ్డీ. అంతా నా బిడ్డ చేసింది. కన్ను గూడా."

పెద్దరెడ్డి నవ్వాడు. "నిన్నటిదాకా నీ చెయ్యి. ఈ పొద్దు మేం వద్దంటే ఆడబిడ్డ చెయ్యి అయిపోయిందా? ఏమ్మా, నిజమేనా? లేకుంటే మీ నాయన బతుకంతా ఇట్లా అబద్ధాలేనా?"

ఈశ్వరి షెడ్డు గుమ్మంలో ఉంది, చేతుల నిండా రాతిపొడి. ఆ మాట వినడానికి ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మనిషి. అది వచ్చింది, సరుకు అమ్ముకోవడానికి ఆడిన అబద్ధంలా వచ్చింది.

"ఇన్నాళ్లూ ఆయన చెప్పిందే నమ్మితిరి గదా సామీ" అంది. "అదే నమ్మండి."

వాళ్లు పోయారు. మా వీధిలోనే ఇంకో షెడ్డులో సిద్ధంగా ఉన్న అమ్మవారిని ఎక్కించుకొని మా ముందు నుంచే ట్రాక్టర్ తోలారు.

ఈశ్వరి లోపలికి పోయి పెద్ద సుత్తి తీసింది. ముక్కు విరిగిన విగ్రహం పూజకు పనికిరాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మవారి ముక్కు మీద ఒకే దెబ్బ.

"ఇంక దీన్ని నీ చేతిదని ఎవురికీ చెప్పలేవు నాయనా. నాదని గూడా చెప్పలేవు."

నేను ఆమె కాళ్ల మీద పడ్డాను. లేదు, పడలేదు. గుమ్మంలో కూర్చొని చూశాను, అంతే.

ఇప్పుడు ఎక్స్‌రే క్లియర్‌గా ఉంది. ఫుల్ రికవరీ అంది డాక్టరు. ఈశ్వరి వేరే షెడ్డులో పనికి పోతోంది. అక్కడ ఇతరులు చెక్కిన ముఖాలకు నునుపు పెట్టే పని ఇచ్చారు. మధ్యాహ్నం క్యారియరు తెచ్చి, "మాత్ర వేసుకున్యావా?" అంటుంది. ఇంకో మాట ఉండదు. దస్తగిరి ఇప్పటికీ అందరికీ గాజు గ్లాసులో, నాకు పేపరు కప్పులో టీ ఇస్తాడు.

ఇది చదివేవాళ్లకు చెప్పేదొకటే. జ్వరం తగ్గకపోతే మొలతాడు కింద కూడా వెతికి, మచ్చ ఉంటే సిగ్గుపడకుండా చూపించండి. డిశ్చార్జి అయ్యేటప్పుడు, అది అంటుకునే జబ్బా కాదా అని డాక్టరు చేత తెలుగులో రాయించుకొని సంతకం పెట్టించుకోండి. ఎవరైనా అడిగితే ఆ కాగితం చూపించండి. మీరు మాత్రం నోరు తెరవకండి.