ఆపిన మిషనుకి జ్వరం

సోల్డరింగ్ ఐరన్ కొనకి ఫ్లక్స్ తగిలి గుగ్గిలం వాసనతో పొగ లేచిందంటే చాలు, విశాఖలో ఏసీ గదిలో కూర్చున్నా నా మనసు అరకు వెళ్ళిపోతుంది. కొండ ఊళ్ళ నర్సులు వాడే చిన్న చిన్న పరికరాలు బాగుచేసే గది ఒకటి అక్కడ సలోమి మేడం నడిపేది. చర్చి బడిలో చదివి, ఇంజనీరై, పట్నంలో ఉద్యోగం చేసి, మళ్ళీ కొండెక్కి వచ్చేసిన మనిషి. నోరు గట్టిదే, చెయ్యి మాత్రం మెత్తన. నాకు పట్టా కాలేజీ ఇచ్చింది, ఆ గదిలో నేర్చుకున్న పని ఆవిడ పెట్టిన భిక్ష.

ఒక వానాకాలం, టైడా దగ్గర కొండ పైఊళ్ళు తిరిగే నర్సు నిర్మల వచ్చింది. కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినిపించే చేతి మిషను ఆమెది. ఆపి సంచిలో పెట్టుకున్నా, కొండెక్కేసరికి బ్యాటరీ అయిపోతోందట. చూపించిన చోటల్లా ‘ఆపడం మరిచిపోయి ఉంటావు’ అని కొత్త బ్యాటరీ వేసి పంపేశారట. పైఊళ్ళో ఒకామెకి ఇంతకుముందు ఇద్దరు బిడ్డలు కడుపులోనే పోయారు. ఇప్పుడు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. చప్పుడులో తేడా వస్తే వెంటనే కింద ఆస్పత్రికి మోసుకురావాలి.

మేడం మారు ప్రశ్న వెయ్యలేదు. నేను బల్ల మీద పెట్టి కొలిచాను. ఆపితే కరెంటు పారడం లేదు. బాగానే ఉందన్నాను.

"బల్ల మీద బాగుంటాది. ఆ నర్సు పిల్ల బల్ల మీద తిరుగుతాదేటి?" అంటూ మేడం దాన్ని తడి గోనెసంచిలో చుట్టి, మంచు పట్టే వరండాలో వేలాడగట్టింది. మర్నాడు పొద్దున్న విప్పి నా చేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది.

"ఆపిన మిషనుకి జొరమేటే గుంటా?" అంది. ఆవిడకి నేనెప్పుడూ గుంటనే, చిన్నపిల్లనే.

బ్యాటరీకీ మిగతా మిషనుకీ మధ్య మిరియపు గింజంత పవర్ ట్రాన్సిస్టర్ ఉంటుంది. బటన్ నొక్కితే కరెంటు వదలడం, ఆపితే మూసెయ్యడం దాని పని. గేటు అని పిలిచే దాని కాలుని ఒక రెసిస్టర్‌తో గ్రౌండుకి, అంటే సున్నా వోల్టేజి తీగకి, కట్టెయ్యాలి. తయారుచేసినవాళ్ళు ఆ కాలుని ఊరికే వదిలేశారు. పొడిగా ఉంటే బుద్ధిగానే ఉంటుంది, చెమ్మ తగిలితే సగం తెరుచుకుని, బ్యాటరీని తాగేస్తూ వేడెక్కుతుంది. "మేకల సాల తలుపుకి తాడు కట్టకపోతే గాలే తీసేత్తాది" అంటూ మేడం భూతద్దం కింద ఆవగింజంత రెసిస్టర్ అతికించింది. మళ్ళీ తడి గోనె, మళ్ళీ మంచు. ఈసారి తెల్లారేసరికి చల్లగా ఉంది. అప్పుడే నిర్మలకి ఇచ్చింది.

తర్వాత వారం నిర్మల ఫోను చేసింది. వానలో తడుస్తూ వెళ్ళి మిషను పెడితే, బిడ్డ గుండె నీరసంగా, ఆగి ఆగి కొట్టుకుంటోందట. అప్పటికప్పుడు డోలీ కట్టించి ఆ తల్లిని దించారు, ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. పుట్టగానే ఏడ్చిందట. మేడం అంతా విని, "బేటరీ ఏటయ్యింది?" అని మాత్రం అడిగింది. నిండుగా ఉందని జవాబు. ఫోను పెట్టేసి గోడవైపు తిరిగి కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆవిడంటే నాకు గౌరవం ముందునుంచీ ఉంది, ప్రేమ ఆ రోజు పుట్టింది.

సాయంత్రం ఉండబట్టలేక అడిగాను. అందరూ నిర్మలదే తప్పన్నారు కదా, మీకు అనుమానం రాలేదా అని.

"ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి కాడికి ఎల్లే మనిషి, మిషను ఆపడం మర్సిపోతాదేటి?"

ట్రాన్సిస్టర్ల సంగతి పుస్తకాల్లో ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. ఈ మాట నాకు మరెవరూ చెప్పలేదు. ఇప్పటికీ చెడిపోయిన వస్తువు పట్టుకుని ఎవరొచ్చినా కుర్చీ వేస్తాను, చెప్పేదంతా వింటాను, నమ్ముతాను. మీటర్ ఆ తర్వాతే తీస్తాను.