రెండు తోటలకు ఒకే ఊరి పేరు

పోయిన నెల క్లాంగ్ నుంచి బంటింగ్ వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుని వెళ్తుంటే, ఒకప్పుడు రబ్బరు చెట్లు తప్ప మరేమీ లేని చోట వరసగా పెంకుటిళ్లూ, వాటి ముందు పెద్ద కమానూ, కమాను మీద ‘తామన్ గ్లెన్‌బ్రే’, అంటే గ్లెన్‌బ్రే కాలనీ, అన్న అక్షరాలూ కనిపించాయి. నా ముందు సీటులోని ఇద్దరు కుర్రాళ్లు గ్లెన్‌బ్రే అంటే ఎవరో తెల్లదొర పేరై ఉంటుందని తేల్చేసుకున్నారు. మనిషి పేరు కాదు నాయనా, అదొక ఊరి పేరు, దాన్ని నేను కళ్లారా చూశాను, పటంలోనే అనుకోండి, అని చెబుదామని నోటిదాకా వచ్చింది గానీ, డెబ్బై దాటిన ముసలిదాని మాట ఎవరికి కావాలని ఊరుకున్నాను. మీరు నా ఈడువాళ్లు కనుక మీకు చెబుతాను.

ఆ రోజుల్లో మన తోటల పేర్లెలా ఉండేవో మీకు గుర్తుండే ఉంటుంది. అడవి కొట్టించిన దొర స్కాట్లండువాడైతే తన ఊరి పేరో, ఊరి ముందు పారే ఏటి పేరో తెచ్చి తోటకు పెట్టేవాడు. గ్లెన్ అంటే వాళ్ల భాషలో కొండల నడిమి లోయ అట. మా పక్క గ్లెన్‌బ్రేలో కొండా లేదు, లోయా లేదు, వాన పడితే మోకాలిదాకా దిగబడే బురదనేల. మనవాళ్ల నోట అది గిలంబరి తోట అయింది. అర్థంతో మనకేం పని, ఉత్తరం చేరితే చాలుననుకునేవాళ్లం. ఆ ఉత్తరం దగ్గరే మా అమ్మ పొరపడింది.

మేముండే తోట బంటింగ్ దగ్గర. అమ్మ ఓడెక్కి వచ్చేనాటికి ఆమె తమ్ముడు, అంటే మా మామయ్య, ఏడేళ్లవాడు. పెద్దవాడై అతనూ కూలికి ఈ దేశం వచ్చాడనీ, గ్లెన్‌బ్రే తోటలో పడ్డాడనీ ఎవరిచేతో రాయించిన ఉత్తరం వచ్చినప్పుడు అమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. గ్లెన్‌బ్రే మాకు పూటనడక. తమ్ముడు కూతవేటు దూరంలో ఉన్నట్టే లెక్క. తోటవాళ్లు బయటికి పోవాలంటే దొర చీటీ కావాలి, చీటీ దొరికిన రోజున అమ్మకు జ్వరమో, నాన్నకు పనో. ఇవాళ కాకపోతే రేపు అనుకుంటూ ఏడాది గడిపేసింది. ఈలోగా అటు వెళ్లే బండివాడి చేత నెలనెలా జాడీతో పచ్చడి పంపేది. జాడీ ఖాళీగా తిరిగొచ్చేది కాబట్టి తమ్ముడే తిన్నాడని మురిసిపోయేది. ఆ పచ్చడి ఏ పుణ్యాత్ముడు తిన్నాడో దేవుడికెరుక.

తరవాత ముప్పైల మొదట్లో రబ్బరు ధర పడిపోయి, కూలీలను ఓడలెక్కించి వెనక్కి పంపే రోజులొచ్చాయి. మామయ్య దగ్గర నుంచి రెండో ఉత్తరం వచ్చింది. ఆదివారం తెల్లారకముందే తమను లారీలో తీసుకుపోతారనీ, ఊరికి పోతున్నాననీ. అది మా చేతికి అందేసరికి శనివారం. అమ్మ పొయ్యి మీద అన్నం దించేసి, పదేళ్ల నన్ను చేయి పట్టుకుని బయల్దేరింది. నాన్న చీటీ కోసం దొర దగ్గరికి పరుగెత్తి, దారిలో మమ్మల్ని కలుసుకున్నాడు.

మధ్యాహ్నానికి గ్లెన్‌బ్రే చేరాం. తెలుగువాళ్ల లైన్లలో, అంటే కూలీల ఇళ్ల వరసల్లో, ఇంటింటా అడిగాం, అలాంటి మనిషి ఎవరికీ తెలియదు. చివరికి ఆఫీసుకు వెళితే కెరాణీ, అదే అక్కడి గుమాస్తా, ఉత్తరం మీది తపాలా ముద్ర చూసి, ఇది ఈ గ్లెన్‌బ్రే కాదు, తెలుక్ ఆన్సన్ పక్కన ఇంకొకటుంది, అది, అన్నాడు. ఇప్పుడు తెలుక్ ఇంటాన్ అంటున్నామే, ఆ ఊరు. రైలెక్కినా తెల్లవారేలోపు చేరలేం. అమ్మ ఆ మెట్ల మీదే కూలబడిపోయింది.

ఆ అలికిడికి దొర బయటికి వచ్చాడు. ఎర్రటి ముఖం, తెల్లటి కనుబొమలు. కెరాణీ సంగతి చెబితే మొదట నవ్వాడు, తరవాత నవ్వు ఆపేసి మమ్మల్ని లోపలికి పిలిచి గోడకున్న పటం చూపించాడు. పది రాతి ఇళ్లు, వెనక బోడికొండ, కొండ మీద గొర్రెలు, ఒక్క చెట్టయినా లేదు. అదే అసలు గ్లెన్‌బ్రే, తాను పుట్టిన ఊరు. ఆ రెండో తోటను కొట్టించింది తన అన్నట. ఒకరికి తెలియకుండా ఒకరు అదే పేరు పెట్టుకున్నారట.

దొరలకు ఊళ్లుంటాయని నేనెన్నడూ అనుకోలేదు. వాళ్లు బంగళాల్లోనే పుడతారనుకునేదాన్ని. ఆ పది గుడిసెలంత ఊరు సముద్రాలు దాటి వచ్చి ఇక్కడ రెండు చోట్ల ఇంతింత అడవుల మీద కూర్చుందా అని నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. అమ్మ కూడా చూసింది. కళ్లు తుడుచుకుని దొరతోనే అంది: “మీ అన్నదమ్ములు మీ ఊరి పేరు రెండు సోట్ల రాసుకున్నారు దొరా. మా ఊరి పేరు రాసుకోడానికి మాకు సోటేది?”

నాన్న భయపడుతూనే ఆ మాటను అరవంలో చెప్పాడు. కెరాణీ ఇంగ్లీషులో ఎంత చెప్పాడో, ఎంత మింగాడో తెలియదు. దొర బల్ల మీది టెలిఫోను ఎత్తాడు.

గంటకు పైగా పట్టింది. ఆ నల్లటి గొట్టంలోకి దొర అరిచాడు, అటు ఆయన అన్న అరిచాడు, లైన్లలో వెదికి మామయ్యను తీసుకొచ్చారు. దొర గొట్టాన్ని అమ్మ చెవికి ఆనించాడు. అటునుంచి వచ్చే కేక గదిలో మా అందరికీ వినబడింది.

“అక్కా, నానే.”

ఏడాదిగా దాచుకున్న మాటలన్నీ ఏమైపోయాయో, అమ్మ ఒకటే అడిగింది. “అన్నం తిన్నావా? పచ్చడి జాడీ అందినాదా?”

“ఏ జాడీ అక్కా?”

అమ్మ జాడీ మాట వదిలేసింది. ఊళ్లో తమ అమ్మకు ఏటి సెప్పమంటావని అతను అడిగితే, బాగున్నానని సెప్పు అంది. అంతలో ఏదో గరగరమని, మాట తెగిపోయింది.

తిరుగుదారిలో అమ్మ ఏడుస్తుందని నేనూ నాన్నా బెంగపడుతూనే ఉన్నాం. ఆమె ఏడవలేదు. ఆమె ఈ దేశం వచ్చిన రెండేళ్లకే మా తాత పోయాడు, ఆ కబురు కూడా ఉత్తరంలోనే వచ్చింది. చాలా దూరం నడిచాక నాన్న చేయి పట్టుకుని, “ఆడి గొంతు మా అయ్య గొంతయిపోయినాది. ఇయ్యాల నాను మా అయ్యతో మాటాడినాను,” అంది. మళ్లీ ఆమె తమ్ముణ్ణి చూడలేదు, ఆ గొంతూ వినలేదు. కానీ తాను మోసపోయినట్టు ఒక్కనాడూ అనుకోలేదు. వరమేదో దొరికినట్టే చెప్పుకునేది.

ఇప్పుడు తోటలు పోయి ఇళ్లొచ్చాయి, దొరలు పోయారు, టెలిఫోను లేని ఇల్లు లేదు. పెనాంగులో ఉన్న మనుమలు ప్రతి ఆదివారం ఫోను చేస్తారు. మంచి పిల్లలు, తిట్టడానికి లేదు. నేను హలో అనగానే నా గొంతు పోల్చి, అమ్మమ్మా అంటారు. ఆ తరవాత నేను తెలుగులో నాలుగు మాటలు మాట్లాడతాను, వాళ్లు అర్థం కాకపోయినా మర్యాదగా వింటారు. నేను ఆ నాలుగు మాటలూ అరవంలో మళ్లీ చెబుతాను.