కల్ అంటే నిన్నా, రేపా?

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఏళ్ళ తరబడి చిన్నపిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని. ప్రతి తరగతిలోనూ ఒకడుంటాడు, రైలుకట్ట దగ్గర తెల్లచీర మనిషిని చూశానని. వాడిని నిలబెట్టి పదమూడో ఎక్కం అప్పజెప్పమంటే ఆ తెల్లచీర ఎటు పోతుందో పోతుంది. అందుకని ఇది దెయ్యం కథ అని నేను అనను. ఏం కథో నాకే తెలియదు. మా ఇంట్లో, పట్టపగలు, నా కళ్ళముందు జరిగింది కాబట్టి చెబుతున్నాను.

మాది జంషెడ్‌పూర్‌లో బర్మామైన్స్. తాత శ్రీకాకుళం వైపు నుంచి పని కోసం వచ్చాడు. నాన్న ఇక్కడే పుట్టి, ఇక్కడే కంపెనీలో పనిచేసి, ఇక్కడే పోయాడు. నేను తెలుగు బడిలో టీచర్ని. నాన్న పోయాక ఇంట్లో అమ్మ, నేను, తమ్ముడు శంకర్. అమ్మ తెలుగులో అడిగేది, వాడు హిందీలో జవాబిచ్చేవాడు. మా సందులో అన్ని తెలుగిళ్ళలోనూ అంతే కాబట్టి ఎవరికీ వింతగా ఉండేది కాదు.

శంకర్ కాలేజీలో చేరిన ఏడే గంజాయి మొదలుపెట్టాడు. తర్వాత నిద్రమాత్రలు, దగ్గుమందు సీసాలు. ఎనభైల్లోకి వచ్చేసరికి బ్రౌన్ షుగర్. నాన్న శవం గుమ్మంలో ఉన్న రోజు కూడా వాడికి ఒంటిమీద స్పృహ లేదు. చివరికి రాంచీ ఆసుపత్రిలో కొన్ని నెలలు ఉంచి మాన్పించాం. మానడమైతే మానాడు గాని, ఇంటికి వచ్చిన మనిషి మేము పంపిన మనిషి కాదు.

పాతికేళ్ళు దాటినవాడు చొక్కాకి ఒక చెయ్యి తొడిగి, రెండోది మరిచిపోయి అలాగే కూర్చునేవాడు. బిందె ఇచ్చి నల్లా దగ్గరికి పంపితే బిందె అక్కడ, వాడు ఇక్కడ. పేపరు ఇస్తే వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయి మళ్ళీ పైకి పోయేవాడు. ఒకప్పుడు మా సందు పిల్లలందరికీ లెక్కలు చెప్పినవాడు. చూస్తే జాలేసేది. కోపం కూడా వచ్చేది, చెంప పగలగొట్టాలన్నంత కోపం.

డాక్టరు నన్ను పక్కకి పిలిచి సూటిగా చెప్పాడు. ఏడాదిపాటు ముట్టకుండా ఉంటే బుర్ర మెల్లగా దారిలో పడుతుంది, ఒక్కసారి ముట్టుకున్నాడా, ఇక నా దగ్గరికి తీసుకురావద్దు అన్నాడు. రోజూ సాయంత్రం నిన్న ఏం జరిగిందో అడగమన్నాడు. తప్పు చెప్పినా దిద్దకండి, తనంతట తనే వెతుక్కోవాలి అన్నాడు.

బడి నుంచి వచ్చి టీ తాగుతూ అడిగేదాన్ని. వాడికి హిందీ అయితే తొందరగా ఎక్కుతుందని హిందీలోనే అడిగేదాన్ని. "కల్ క్యా ఖాయా?" అంటే నిన్న ఏం తిన్నావని. హిందీ రానివాళ్ళకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ భాషలో నిన్నకీ రేపటికీ ఒకటే మాట, కల్. జరిగిందా, జరగబోయేదా అన్నది వెనకొచ్చే క్రియని బట్టి తెలుసుకోవాలి. వాడు ఎప్పుడూ జరిగిపోయినట్టే చెప్పేవాడు.

మొదటిసారి చేపలు తిన్నానన్నాడు. అది కార్తీకమాసం, ఇంట్లో నీచు లేదు. ముందురోజు తిన్నది పప్పూ వంకాయా. మర్నాడు పక్కింటి బెంగాలీ పిన్ని, కూతురికి సంబంధం కుదిరిందని గిన్నెడు చేపల కూర పంపింది. అమ్మ ఆ గిన్నెని గడప దాటనివ్వలేదు, వాడు వరండాలో కూర్చుని తిన్నాడు. నేను పట్టించుకోలేదు. తర్వాత ఒకరోజు నల్లా రాలేదన్నాడు. ముందురోజు బాగానే వచ్చింది, మర్నాడు పైపు పగిలి రాలేదు. అదీ పట్టించుకోలేదు.

ఆ తర్వాత గాడిద సంగతి. "కల్ దర్వాజే పే గధా సోయా థా" అన్నాడు, నిన్న మన గుమ్మంలో గాడిద పడుకుంది అని. వాడు రాంచీ నుంచి వచ్చాక అమ్మ అంతలా నవ్వడం అదే మొదలు. మర్నాడు పొద్దున్న బడికి బయల్దేరి తలుపు తీస్తే, బట్టల మూటతో సహా ధోబీ గాడిద మా గుమ్మానికి అడ్డంగా పడుకుని ఉంది. ధోబీ చెవి పట్టి లాగుతున్నా లేవదు. సందంతా పోగయ్యింది. టీచరమ్మా, దీన్ని కూడా మీ బడిలో చేర్చుకోండి అని ఎవరో అన్నారు. అందరితోపాటు నేనూ నవ్వాను. వెనక్కి తిరిగితే అమ్మ నోటిమీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. చేపలంటే పక్కింట్లో మాటలు విన్నాడనుకోవచ్చు. గాడిద ముందుగా కబురు పెట్టి రాదు కదా.

తప్పినవీ ఉన్నాయి, అవి చెప్పకపోతే అన్యాయం. వాడు చెప్పినవాటిలో చాలావాటికి తలా తోకా ఉండేది కాదు, అవి అటూ జరగలేదు, ఇటూ జరగలేదు. డాక్టరుకి చెబితే ఆయన అదే అన్నాడు. కలిసినవి గుర్తుంటాయి, తప్పినవి మరిచిపోతాం, వాడికి ముందూ వెనకా తెలియడం లేదు, అంతే అన్నాడు. మీ తెలుగులో నిన్నకీ రేపటికీ వేరే మాటలున్నాయి కదా, తెలుగులో అడిగి చూడండి అన్నాడు. అడిగి చూశాను. "నిన్న" అనగానే వాడు బెదిరిపోయినట్టు చూసి నోరు మూసుకునేవాడు. మళ్ళీ హిందీకే వచ్చాను.

అమ్మకి మాత్రం ఏ అనుమానమూ లేదు. "నా కొడుకు నోట అమ్మోరు పలుకుతున్నాదే" అని సాయంత్రం వాడి ముందు కర్పూరం వెలిగించడం మొదలుపెట్టింది. ఆమెని తప్పుపట్టను. కొడుకు మూలంగా ఏళ్ళపాటు చెంగు ముఖానికి కప్పుకుని సందులో నడిచింది. ఇప్పుడు అదే సందు ఆడవాళ్ళు, మా ఆయన ఉద్యోగం పర్మనెంటు అవుతుందా అని అడగడానికి మా వరండాలో కూర్చున్నారు. అమ్మ అడిగేది. "రేపేటవుద్దిరా నాయినా?" వాడు గోడకేసి చూసేవాడు. వాడికి రేపు అనేదే లేదు, అంతా జరిగిపోయిందే.

"ఒలే, నువ్వడిగితేనే సెప్తన్నాడు. నువ్వడుగు" అంది అమ్మ.

"వాడి రేపుతో నాకేటి పనమ్మా? నిన్న తిన్నది గుర్తుంటే సాలు నాకు. కర్పూరం తీసెయ్" అన్నాను. రెండు రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు.

ఏడాది నిండడానికి ఇంకొంచెమే మిగిలింది. ఒక సోమవారం సాయంత్రం మామూలుగా అడిగాను, కల్ ఎవరొచ్చారు అని. "కిశోర్ ఆయా థా" అన్నాడు, కిశోర్ వచ్చాడని.

కిశోర్ మా వెనక సందు కుర్రాడు. చిన్నప్పుడు అమ్మ చేతి ముద్దలు తిన్నవాడే. ఇద్దరూ కలిసే ఆ ఊబిలో దిగారు. శంకర్ వచ్చాక ఒక్కసారీ మా గుమ్మం తొక్కలేదు. ఎక్కడికెళ్ళారని అడిగాను. జుగ్సలాయి బజారుకి వెళ్ళాం, గోదాముల వెనక కూర్చున్నాం అన్నాడు. తర్వాత?

"ఫిర్ కుఛ్ నహీ" అన్నాడు. తర్వాత ఏమీ లేదు.

మరిచిపోయావా అని అడిగాను. లేదు, తర్వాత ఏమీ లేదు అని మళ్ళీ అన్నాడు. ముఖంలో భయం లేదు, బాధ లేదు. టీ గ్లాసు కింద పెట్టి చేతులు చూసుకుంటున్నాడు.

ముందురోజు ఆదివారం. పొద్దంతా నేను ఇంట్లోనే ఉన్నాను. కిశోర్ రాలేదు, శంకర్ గడప దాటలేదు. అమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు. నేను దేన్నీ నమ్మను, అయినా భయపడ్డాను.

మంగళవారం జ్వరమని బడికి కబురు పంపాను. పొద్దున్నే అమ్మ గుడికి వెళ్ళి ఎర్రతాడు తెచ్చి వాడి చేతికి కట్టింది. నేను పెరటి తలుపు గడియ వేసి, వీధి గుమ్మంలో చేటలో బియ్యం పోసుకుని కూర్చున్నాను. ఎవరి నమ్మకం వాళ్ళది.

ఎండ ఎక్కుతుండగా కిశోర్ వచ్చాడు. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. "దీదీ, శంకర్ హై?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. లేడు, రాంచీ వెళ్ళాడు అన్నాను. అనేలోపే వెనకనుంచి శంకర్ వచ్చి నా భుజం దగ్గర నిలబడ్డాడు. గడియ పెట్టగలను, అబద్ధం చెప్పగలను గాని ఎదిగిన మగవాణ్ణి రెక్క పట్టి ఎంతసేపు ఆపగలను?

చల్, కాసేపు తిరిగొద్దాం అన్నాడు కిశోర్.

శంకర్ వాడికేసి చూసి, అడిగిందే అడుగుతాడేమిటి అన్నట్టు విసుక్కున్నాడు. "కల్ హీ తో గయే థే, యార్. ఆజ్ నహీ." నిన్ననే కదరా వెళ్ళాం, ఇవాళ వద్దు.

ఎప్పుడెళ్ళాం అని కిశోర్ నవ్వాడు. కాసేపు బతిమాలాడు. శంకర్ లోపలికి వెళ్ళి చాప మీద పడుకున్నాడు. కిశోర్ నా వైపు చూసి, వీడికి బుర్ర పోయింది దీదీ అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా నేను గుమ్మంలోంచి లేవలేదు. శంకర్ చాప మీంచి వరండాలోకి, వరండాలోంచి చాప మీదికి, అంతకుమించి ఎక్కడికీ వెళ్ళలేదు. అమ్మ చూసింది, బెంగాలీ పిన్ని చూసింది.

బుధవారం పొద్దున్న జుగ్సలాయి గోదాముల వెనక కిశోర్ శవం దొరికింది. సరుకులో ఏదో కల్తీ జరిగిందన్నారు. అమ్మ ఆ ఇంటికి వెళ్ళి వాళ్ళమ్మని పట్టుకుని ఏడ్చింది. నేనూ వెళ్ళాను. కానీ దారి పొడుగునా నా మనసులో ఒకటే మాట, నా తమ్ముడు బతికాడు. అంత సంతోషం అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

ఆ సాయంత్రం ఎందుకో తెలుగులోనే అడిగాను. "నిన్న ఏటి జరిగిందిరా?"

వాడు చాలాసేపు వెతుక్కున్నాడు. "నిన్న కిశోర్ వచ్చినాడప్పా. నేనెల్లలేదు" అన్నాడు. మావైపు అక్కని అప్ప అంటాం. వాడి నోట ఆ పిలుపు విని ఎన్నేళ్ళయ్యిందో. ఇంకో గ్లాసు టీ పోశాను.

ఆ రోజు తర్వాత వాడి నిన్న నిన్నలాగే ఉంది. మర్నాటి సంగతి మళ్ళీ ఎన్నడూ చెప్పలేదు. ఏడాది నిండింది. నల్లా దగ్గరికి బిందెతో వెళ్ళి బిందెతో వచ్చాడు. పేపరు ఒక పేజీ చదివి నాతో వాదించాడు. టెల్కో కాలనీ వైపు ఒక చిన్న వర్క్‌షాపులో కుదురుకున్నాడు, పెళ్ళయ్యింది, పిల్లలు. అమ్మ మాత్రం పోయేదాకా నన్ను దెప్పుతూనే ఉంది, "బంగారంలాంటి నోరు, తెలుగు నేర్పి పాడుసేసినావే" అని. నవ్వుతూనే అనేది లెండి.

ఇక్కడితో అయిపోతే నేనీ సంగతి రాసేదాన్ని కాదు. కిశోర్ పోయిన కొన్నాళ్ళకి బియ్యం కొనడానికి జుగ్సలాయి వెళ్ళాను. గోదాముల మలుపులో టీ కొట్టు ముసలాయనకి మా వాళ్ళిద్దరూ బడి రోజుల నుంచి తెలుసు. నన్ను చూసి, మీ తమ్ముడు ఎలా ఉన్నాడు, ప్రాణం దక్కింది కదా అని అడిగాడు. వాడు ఆ రోజు రానేలేదన్నాను. ఆయనకి కోపం వచ్చింది. నా చేతులతో ఇద్దరికీ టీ పోశానమ్మా, నీ తమ్ముడు రెండు బిస్కెట్లు ముంచుకుని తిన్నాడు, చేతికి ఎర్రతాడు ఉంటే గుడికెళ్ళి వస్తున్నాడేమో అనుకున్నాను అన్నాడు.

ఆ తాడు అమ్మ ఆ పొద్దున్నే కట్టింది. కట్టాక ఆ రోజు వాడు వరండా దాటలేదు.

టీ కొట్టాయన మాట నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చాలా ఏళ్ళ తర్వాత, అమ్మ పోయిన ఏడు, శంకరే ఎత్తాడు. "నాకు రెండూ గుర్తున్నాయప్పా" అన్నాడు. చాప మీద పడుకున్నట్టూ గుర్తుంది, కిశోర్‌తో వెళ్ళినట్టూ గుర్తుంది, దారిలో టీలో బిస్కెట్లు ముంచుకుని తిన్నట్టు కూడా గుర్తుంది, రెండింటిలో ఏది ఎక్కువ నిజమో తెలియడం లేదు అన్నాడు. పాడైన బుర్ర కల్పించుకుందని సరిపెట్టుకుందామని చూశాను. మరి ముసలాయన బుర్రకి ఏమైంది? ఇన్నేళ్ళు ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు, ఇక చిక్కదు.

ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, అన్నం కలుపుకుంటూ ఆగిపోయి అడుగుతాడు. "అప్పా, ఆ రోజు నేనెల్లలేదు కదా?"

"నేదురా. ఇంట్లోనే ఉన్నావు" అంటాను.

"నువ్వు సూసినావు కదా?"

"సూసినాను."

అప్పుడు ముద్ద నోట్లో పెట్టుకుంటాడు. అందుకే వాడు అడగగానే వెంటనే చెప్పేస్తాను. కొంచెం ఆలస్యమైతే చాలు, కలిపిన ముద్ద అలాగే పట్టుకుని, తను ఇక్కడ ఉన్నాడో లేడో నా ముఖంలో వెతుక్కుంటాడు.