మామ ఉలి, అత్త వేలు

ఇప్పుడు పాత్రల అంగడిలో పేర్లు కొట్టడానికి కరెంటు మిషను వచ్చింది. మొన్న మనవరాలి పెళ్ళికి కొన్న గిన్నెల మీద పేరు వేయిద్దామని వెళితే, అంగడి అబ్బాయి సూదిని గిన్నెకు ఆనించీ ఆనించకముందే జుయ్యిమని పేరు పడిపోయింది. నేను కళ్ళజోడు సవరించుకునేలోగా రెండో గిన్నె కూడా అయిపోయింది. ఆ శబ్దానికి నా పళ్ళు జివ్వుమన్నాయి. నేనెరిగిన శబ్దం అది కాదు. టిక్కు, టిక్కు, ఒక్క ఊపిరి తీసుకునేంత ఆగి మళ్ళీ టిక్కు. రాజపాళయంలో మా అత్తవారింటి అరుగు మీద కూర్చుని మా మామ ఇత్తడి మీద ఉలి పెట్టి కొట్టే చప్పుడది. అది వినబడుతూ ఉంటే ఇంట్లో అన్నీ సవ్యంగా ఉన్నట్టు మాకు లెక్క. మిగిలిన గిన్నెలు ఆ అబ్బాయికివ్వకుండా ఇంటికి తెచ్చేసుకున్నాను. ఉలి నా దగ్గరా ఉంది, నాకు తొందర కూడా లేదు.

మామ రిజిస్ట్రారు ఆఫీసులో పత్రాలు రాసే గుమస్తాగా చేసి రిటైరైన మనిషి. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలుకాని రోజుల్లో నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళాను. అప్పటికే ఆయన ఆఫీసు మానేశారు గానీ, ఆయన చేతిరాత గొప్ప మాత్రం ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. చోళపురం రైతులు వీధిలో కనబడితే, మీరు రాసిన పత్రం చూస్తేనే పొలానికి ఒక కళ వచ్చినట్టుంటుందని అనేవారు. అలాంటి చేతికి పని లేకపోయేసరికి ఆయనకు తోచలేదు. రోజూ అంగడి వీధికి పోయి, పాత్రల మీద పేర్లు కొట్టే పనివాడి పక్కన కూర్చుని వచ్చేవారు. ఒకనాడు ఒక సన్న ఉలి, అరచేతిలో ఇమిడే సుత్తి కొనుక్కుని మరీ వచ్చారు. మొదట కొట్టింది తన కాఫీ లోటా మీద, ఇనిషియల్లతో సహా తన పేరే. కొత్త చెయ్యి కదా, లోతు లేక అక్షరాలు ఇత్తడి మీద ఈగ నడిచినట్టు పడ్డాయి. ఆయన మాత్రం దాన్ని వచ్చినవాళ్ళందరికీ చూపించారు. ఆ తర్వాత ఆయనను పట్టడం మా వల్ల కాలేదు. బిందె, గరిటె, తాళంకప్ప, ఆఖరికి పొయ్యి ఊదే గొట్టం దాకా ఏదీ వదల్లేదు. ఇంట్లో పేరు లేనిది పిల్లి ఒక్కటే అని మా ఆయన నవ్వేవారు.

ఇక్కడొక మాట చెప్పాలి. మా ఇళ్ళలో మాట తెలుగు, రాత అరవం. ఎప్పుడో తాతముత్తాతలు దక్షిణానికి దిగి వచ్చేటప్పుడు మాటను మూటగట్టుకుని వచ్చారు, అక్షరాలను దారిలో ఎక్కడ పారేసుకున్నారో తెలియదు. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది చాలా ఏళ్ళ తర్వాత, మా ఆయన ఉద్యోగం మీద నెల్లూరులో ఉన్నప్పుడు. అందుకని మామ కొట్టే పేర్లన్నీ అరవ అక్షరాలే. మా అత్త పేరు బంగారమ్మ. అరవంలో పకూ బకూ ఒకటే అక్షరం. ఎవరింట్లోనో విందుకు మా బిందె తీసుకుపోతే, అక్కడి అరవ వంటమనిషి దాన్ని చూసి ‘పంగారమ్మ ఎవరు?’ అని అడిగాడట. అత్త ఇంటికి వచ్చి మామను నిలదీసింది. “పంగారమ్మనా? నేనెవరికండీ పంగనామం పెట్టినాను?” మామ నవ్వి, “నేనేమి చేసేది? అరవంలో నీకు అక్షరం లేదు పో” అన్నారు.

అత్తకు అప్పటికే చూపు మందగిస్తోంది. రెండేళ్ళలో పూర్తిగా పోయింది. మదురై తీసుకుపోతే కంటి డాక్టరు ఇక చేసేదేమీ లేదని చెప్పి పంపించాడు. అయినా వంటింట్లో ఆమెను చూస్తే కళ్ళు లేవని ఎవరూ అనుకోరు. పుట్టింటివాళ్ళు పెట్టిన ఇత్తడి డబ్బాలూ నూనె చెంబులూ అన్నీ ఒకే తీరువి, వరసగా ఉండేవి. ఏ వరసలో ఏదుందో ఆమె చేతికి తెలుసు. ఆ వంటిల్లే ఆమె రాజ్యం. నేను పక్కన నిలబడి కూరగాయలు తరిగేదాన్ని, అంతకు మించి నాకు అధికారం లేదు, ఉండాలన్న కోరికా లేదు.

ఆ ఏడు శ్రీవిల్లిపుత్తూరు తేరు చూడడానికి మా ఆడపడుచు సుబ్బమ్మ వదినె సత్రపట్టి నుంచి పిల్లలతో వచ్చింది. బండిలో తినడానికి అత్త పులిహోర కలిపి పొట్లాలు కట్టించింది. ముందురోజు వంటింటికి సున్నం వేసి, పనిమనిషి డబ్బాలన్నీ తోమి మళ్ళీ సర్దింది. వరస మారిందని ఎవరికీ తట్టలేదు. దానికి తోడు అత్తకు జలుబు, వాసన తెలియలేదు. మంచినూనె, అదే నువ్వులనూనె అనుకుని పోపు వేసింది ఆముదంతో. పెద్దవాళ్ళు నోట పెట్టగానే ఊసేశారు గానీ, ఆకలి మీదున్న పిల్లలు అప్పటికే పొట్లాలు ఖాళీ చేశారు. ఆ రోజు వాళ్ళకు తేరు కంటే దారి పక్కన పొదలే ఎక్కువ కనబడ్డాయి.

సాయంత్రం వాడిపోయిన పిల్లలతో తిరిగి వచ్చి వదినె తేల్చి చెప్పేసింది. “అమ్మా, చాలు. నీవు ఇన్నినాళ్ళు చేసినావు. రేపటినుంచి ఏ పనీ పెట్టుకోకుండా చుమ్మా కూర్చో. కోడలు చూసుకుంటాది. ఈసారి ఆముదంతో పోయింది, రేపు నీ చీరకు నిప్పంటుకుంటే?” అందులో తప్పు పట్టడానికి లేదు, కూతురిగా భయపడి అన్న మాటే. అత్త సరి అన్నది. మర్నాటి నుంచి పెరటి గుమ్మంలో కూర్చుంది. నేను వండింది వంక పెట్టకుండా తినేది, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఉప్పు ఎక్కువైనా ఏమీ అనేది కాదు. ఒడిలో పెట్టుకున్న ఆమె చేతులు మాత్రం ఊరకే ఉండేవి కావు, లేని డబ్బాల మూతలు తీసి పెడుతున్నట్టు కదులుతూ ఉండేవి. అది చూసిన రోజు నేను దొడ్లోకి పోయి ఏడ్చాను.

మామ ఉలి తీశారు. డబ్బాలనూ చెంబులనూ అరుగు మీదికి చేర్చి కూర్చున్నారు. నాలుగైదు రోజులు ఆ టిక్కు టిక్కు ఆగలేదు. ప్రతి డబ్బా మీద అందులో ఏముందో, పత్రంలో రాసినట్టు ముత్యాల్లాంటి అక్షరాలు. అన్నీ అయ్యాక అత్తను పిలిచి, ఆమె చెయ్యి పట్టుకుని నూనె చెంబు మీద పెట్టారు. అంత పెద్దాయన ముఖంలో పరీక్ష రాసి వచ్చిన పిల్లవాడి ఆత్రం.

అత్త తడిమింది. “నున్నగా ఉండేది గరుకుగా చేసినారే, ఏమిది?”

“ఎళుత్తు. మంచినూనె అని అక్షరాలు రాసినాను. వేలితో చదువుకో.”

అత్త నవ్వింది. తేరు రోజు తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. “నాకు చదువు ఎప్పుడు వచ్చినాదండీ? ఇన్నేండ్లు నాతో కాపురం చేసి, అది కూడా మరిచిపోతిరా?”

మామ ముఖం చిన్నబోయింది. ఊరంతా మెచ్చుకున్న ఆయన రాతలో ఒక్క అక్షరం కూడా ఆమె ఎన్నడూ చదవలేదన్న సంగతి ఆయనకు అప్పుడే తట్టినట్టుంది. ఉలి, సుత్తి గుడ్డలో చుట్టేశారు. ఆ చప్పుడుకు అత్త చెయ్యి చాపి ఆయన మోకాలు పట్టుకుంది. “ఎందుకు కట్టేస్తారు? అరవ ఎళుత్తు నాకు రాదు. మన మాటకు ఎళుత్తే లేదు. పోనీయండి, గుర్తులు పెట్టండి. నేను చెప్తాను, మీరు కొట్టండి.”

ఆ ఇద్దరూ అరుగు మీద కూర్చుని మా ఇంటి అక్షరాలు కనిపెట్టిన రోజులవి. మామ మంచినూనెకు నువ్వుపువ్వు వేస్తానంటే అత్త ఒప్పుకోలేదు. “పువ్వయితే అన్నీ ఒకటే తీరు తగులుతాది. ఒక్క గింజ చాలు, లోతుగా.” ఆముదానికి వేళ్ళు చాపిన ఆముదపాకు. పప్పుకు రెండు బద్దలు. చింతపండుకూ మిరపకాయకూ రెండింటికీ వంకర గీతే పడి తగాదా వచ్చింది. చివరికి చింతకాయకు కణుపులు పెట్టి రాజీ పడ్డారు. ప్రతి గుర్తూ అయ్యాక మామ కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమేవారు. అంచున ఏ మాత్రం ముల్లులా తగిలినా అరగదీసేవారు. తర్వాత నన్ను పిలిచేవారు. “పాపా, కన్ను మూసి చూడు. ఏమిది?” నేను దొంగచాటుగా చూసి చెబితే ఎలాగో పట్టేసేవారు. “చూసినావు. మళ్ళీ. మీ అత్తకు చూసే వీలు లేదు కదా.” ఆ మాట ఆయన కోపంగా అనలేదు, కానీ ఇంకెప్పుడూ నేను కళ్ళు తెరవలేదు.

అంతా అయిపోయాక మామ వేళాకోళంగా అడిగారు. “అన్నిటికీ గుర్తు పెట్టుకుంటివి, నాకేమి గుర్తు?”

“మీకు గుర్తెందుకు? వీధి మలుపు తిరిగేటప్పుడే దగ్గుతా వస్తారే.”

మళ్ళీ తేరు వచ్చింది, వదినె కూడా వచ్చింది. అత్త పులిహోర కలిపి ముందుపెట్టింది. పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వదినె భయపడుతూ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలి, రెండో ముద్దకు చెయ్యి చాపింది. తర్వాత లేచి వంటింట్లోకి పోయి, తల్లి పక్కన కూర్చుని, కళ్ళు మూసుకుని ఒక్కొక్క డబ్బానే తడుముతూ పేర్లడిగింది. వంటిల్లు అత్తదేనని మళ్ళీ ఎవరూ ప్రత్యేకంగా చెప్పలేదు.

యుద్ధం ముగిసిన తర్వాత ఒక చలికాలంలో ఆ దగ్గే ముదిరి మామ పోయారు. అత్త ఎక్కువ ఏడవలేదు. సాయంత్రం కాగానే తల వీధి వైపు తిప్పి కాసేపు చెవి ఒగ్గి, తర్వాత పొయ్యి వెలిగించేది. కొన్నాళ్ళకు నన్ను పిలిచింది. “పాపా, ఆయన కాఫీ లోటా తే. ఉలి కూడా. అప్పుడు గుర్తు వద్దంటిని. ఇప్పుడు కావల.”

అంతవరకు నేను ఉలి పట్టలేదు. లోటాను ఒడిలో ఆనించుకుని, “ఏ గుర్తు కొట్టేది అత్తా?” అని అడిగాను. అత్త ఆలోచిస్తూ లోటాను తీసుకుని వేళ్ళతో చుట్టూ తిప్పింది. మొదట్లో ఆయన కొట్టుకున్న పేరు అక్షరాల మీద ఆమె వేలు నడిచి, ఒకచోట ఆగింది. అక్కడ అక్షరాలు లేవు. లోతు లేని రాత కావడంతో, రోజూ లోటా పట్టుకునే ఆయన బొటనవేలి కింద ఆ కాస్త మేరా అరిగి నున్నగా అయిపోయింది. అత్త తన బొటనవేలిని అక్కడ ఉంచింది. చాలాసేపు తియ్యలేదు.

“వద్దు పాపా,” అన్నది. “ఏమీ కొట్టొద్దు. గుర్తు ఉండాది.”

ఆ ఉలే నా దగ్గరున్నది. బడిలో పంతులమ్మగా చేసి రిటైరయ్యాక నేనూ దాన్ని పట్టుకున్నాను. మనవరాలి గిన్నెల మీద దాని పేరు కొట్టాను, తెలుగు అక్షరాల్లో. ఒక్కొక్కటీ అయ్యాక కళ్ళు మూసుకుని తడిమి చూశాను, ఎక్కడైనా గుచ్చుకుంటుందేమోనని. మామ లోటా కూడా నా దగ్గరే ఉంది. దాని మీద నేనెన్నడూ ఉలి పెట్టలేదు. పొద్దున్నే అందులో కాఫీ తాగేటప్పుడు, నేను వెతక్కపోయినా, నా బొటనవేలు ఆ నున్నటి చోటికే పోతుంది.