ఓమా ఉత్తరాలూ, అవ్వ ఉత్తరమూ

నా చిన్నప్పుడు ఒమాన్‌లో మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉండేవి. సముద్రం ఒడ్డున సహం అనే ఊళ్లో ఒక జర్మన్ ఇంజనీరు ఇంట్లో మా అమ్మ పనిచేసేది. ఆ ఇంటి వెనకే మాకొక రూమ్ ఇచ్చారు. నాన్న ఎక్కడో ఎడారిలో సైట్ మీద ఉండి నెలకోసారి వచ్చేవాడు. బడి నుంచి రాగానే నేను పెద్దింట్లో చల్లటి నేల మీద పడుకుని, ఏసీ హోరూ సముద్రం హోరూ కలిసిపోవడం వింటూ మగతలోకి జారిపోయేదాన్ని. నిజంగా నిద్రపోయిన రోజులు మాత్రం తక్కువే.

ఆ ఇంట్లో ఇంజనీరుగారి తల్లి ఉండేది. జర్మన్‌లో నాయనమ్మనైనా అమ్మమ్మనైనా ఓమా అంటారట. నన్నూ అలాగే పిలవమంది. ఇద్దరికీ వచ్చిన అరకొర ఇంగ్లీషుతోనే మాట్లాడుకునేవాళ్లం. సరిగ్గా నాలుగింటికి బల్ల మీదికి కాఫీ, కేకు రావాలి. ఒక్క నిమిషం ఆలస్యమైనా గడియారం వంక చూసేది. కాఫీ అయ్యాక ఒక రేకు పెట్టె తెరిచి, ఎప్పుడో వాళ్లమ్మ తనకు రాసిన ఉత్తరాలు తీసేది.

ఆ రాత ఏటవాలుగా పడే సన్నటి వానలా ఉండేది. బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు అక్షరం ఒక్కటీ అందులో పోల్చుకోలేకపోయాను. ఓమా చిన్నప్పుడు జర్మన్ పిల్లలంతా ఆ రాతే దిద్దేవారు. యుద్ధం రోజుల్లో ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో దాన్ని బడుల్లోంచి తీసేసింది. అందుకే ఇంజనీరుగారి మాతృభాష జర్మనే అయినా, సొంత అమ్మమ్మ రాసిన ఉత్తరం ఆయనకు చదవడం రాదు. ఓమాకేమో చూపు మందగిస్తోంది. ఆ కాస్త చూపూ పోతే వాళ్లమ్మ మాటలు చదివి వినిపించేవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ ఉండరు.

ఒకరోజు ఓమా నా చేతికి పెన్సిల్ ఇచ్చి ఆ అక్షరాలు దిద్దించింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆటలా మొదలై, రెండు నెలల్లో కూడబలుక్కుని చదవడం వచ్చేసింది. అర్థం మాత్రం ఒక్క ముక్క తెలియదు. నా నోట్లోంచి ఆ శబ్దాలు వస్తుంటే ఓమా కళ్లు మూసుకుని, తప్పు పలికితే సరిదిద్దుతూ, మంచు కురిసే ఏదో ఊళ్లో వాళ్లమ్మ వంటింట్లోకి వెళ్లిపోయేది. నేనూ ఆమె వెంట వెళ్లినట్టే ఉండేది. ఇంజనీరుగారికే రానిది నాకు వచ్చని నాకు మహా గర్వం. నా కాళ్లు నేల మీద నిలిచేవి కావు.

అలా చదువుతున్న ఒక సాయంత్రం తలెత్తి చూస్తే, అమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చేతిలో కడప జిల్లా నుంచి మా అవ్వ రాయించిన ఉత్తరం. అమ్మకు చదువు రాదు. అంతకుముందు ఉత్తరంలో అవ్వకు జ్వరం తగ్గలేదని ఉంది. చుట్టుపక్కల తెలుగు చదివేవాళ్లు లేరు. నాన్న రావడానికి ఇంకా ఇరవై రోజులుంది.

"ఆ పెద్దామెకు ఇంత బాగా సదివిపెడతాండావే, మా యమ్మ ఏం రాయించిందో రోంత సూడు పాపా" అంది.

కాగితం అందుకున్నాను. బడిలో నాకు ఇంగ్లీషు, హిందీ మాత్రమే. తెలుగు నేర్పుతానని నాన్న కూర్చోబెట్టిన ప్రతిసారీ ఏదో వంకతో తప్పించుకున్నాను. తలకిందులుగా పట్టుకున్నానేమోనని తిప్పి కూడా చూశాను. అమ్మ నా మొహం చూసి, "పోనీలే పాపా, మీ నాయన వస్తాడు గదా" అంటూ మెల్లగా కాగితం తీసుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఓమాకు తెలుగు రాకపోయినా జరిగిందంతా అర్థమైంది. తన ఉత్తరాలు పెట్టెలో పెట్టి మూత వేసేసింది. "మా అమ్మ ఇన్నేళ్లు ఆగింది, ఇంకొన్నాళ్లు ఆగుతుంది. మీ అమ్మకు ఆగడం కష్టం" అని నాతో అంది. ఆ తర్వాత చాలా రోజులు ఆ పెట్టె తియ్యలేదు.

ఆ ఇరవై రోజులూ అమ్మ ఉత్తరాన్ని జాకెట్లో దాచుకుని తిరిగింది. అన్నం సరిగ్గా తినలేదు. తీరా నాన్న వచ్చి చదివితే ఏముంది, అవ్వకు జ్వరం తగ్గింది, మేకకు రెండు పిల్లలు పుట్టాయి. అమ్మ నవ్వుతూనే ఏడ్చింది. సంగతంతా విన్న నాన్న, "అమ్మకు కూడు పెట్టనోడు పిన్నమ్మకు చీర పెడతానన్నాడంట" అని నన్ను ఎగతాళి చేసి, సిమెంటు సంచి కాగితం మీద అఆలు రాసిచ్చాడు. ఇక నాలుగింటికి పేజీ నింపితేగానీ ఓమా కేకు ముక్క ఇచ్చేది కాదు. తనకు తెలుగు ఒక్క అక్షరం రాకపోయినా, వంకరగా ఉన్నవాటికి సున్నా చుట్టి మళ్లీ దిద్దమనేది. మూడు నెలలకు అవ్వ దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరం నేనే చదివాను. అమ్మ నాలుగుసార్లు చదివించుకుంది. మర్నాడు ఓమా తన పెట్టె మళ్లీ తెరిచింది.

ఇప్పుడు నేను ఒమాన్‌లోనే అల్ మవాలేలో ఉంటున్నాను. ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లు ఆసుపత్రి చీటీయో, వీసా కాగితమో పట్టుకుని దుకాణం ముందు తటపటాయిస్తూ కనిపిస్తారు. వాళ్లు అడిగేదాకా నేను ఆగను, ముందే చేయి చాపి కాగితం అందుకుంటాను. కన్నకూతురిని అడగడానికి ఆ రోజు మా అమ్మ గుమ్మం దగ్గర ఎంతసేపు నిలబడిందో నాకు ఈనాటికీ తెలియదు. నేను ఓమా ఉత్తరం చదవడంలో మునిగి ఉన్నాను.