జోగిని భూపాలపల్లికి చేర్చిన ప్రయాణం

మా ఇంటి పక్క చర్చి ఫాదర్ కాలు బెణికి మంచాన పడటంతో ఈ ప్రయాణం నా మీద పడింది. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో గొడవలకు భయపడి వచ్చిన కోయ కుటుంబాలకు భూపాలపల్లిలో వాళ్ల చర్చి ఆసరా ఇస్తోంది. వాళ్లలో జోగి అనే ఆమె, కూతుర్ని సిస్టర్ల దగ్గర వదిలి మహబూబాబాద్ మిరపతోటల్లో కూలికి వెళ్లింది. ఇప్పుడు ఆ పాప మలేరియా ముదిరి దవాఖానలో ఉంది. తల్లిని త్వరగా తీసుకురమ్మన్నారు డాక్టర్లు. జోగికి బస్సులు మారడం తెలియదు. నేను ఆ మతంవాణ్ణి కాను. నర్మెట్ట దగ్గర మా తాతల దొరతనం నాటి గడి గోడలు కూలిపోయినా, వచ్చి అడిగినవాళ్లకు లేదనడం మా ఇంట్లో నేర్పలేదు.

పొద్దున్నే జనగామలో రైలెక్కి, వరంగల్ దాకా నిలబడే వెళ్లాను. మహబూబాబాద్‌లో దిగేసరికి ఎండ ముదిరింది. అక్కడి చర్చి మెట్ల మీద జోగి మూటతో కూర్చుని ఉంది.

నర్సంపేట బస్సులో మర్యాద కోసం మాట కలిపాను. మా వైపు కొత్త మనిషి కనబడితే ఊరు, ఇంటిపేరు అడుగుతాం. అడగకపోతేనే అవమానం. ఏ ఊరు, ఎప్పుడొచ్చారు, ఎంతమంది, గుడిసెలు ఎక్కడ వేసుకున్నారు అని వరుసగా అడిగాను. ఆమె మూటను ఒళ్లోకి లాక్కుని కిటికీ వైపు తిరిగింది. గొంతు పెంచి మళ్లీ అడిగాను.

నర్సంపేటలో ములుగు బస్సు సంగతి కనుక్కుని వచ్చేలోపు ఆమె లేదు.

స్టాండంతా వెతికాను. నా ఫోన్ మోగుతోంది, భూపాలపల్లి నుంచి పాపను చూసుకుంటున్న సిస్టర్. ఎత్తి ఏం చెప్పను? అంతలో ములుగు బస్సు వచ్చి నిలబడింది. మాతోపాటు బస్సు దిగిన ఒక అవ్వ నన్ను ఆపి, గోడ చాటున నక్కిన జోగిని చూపించింది.

“గన్ని అడుగుతవేంది నాయినా? జంగ్లాతోళ్లు గిట్లనే అడిగి, తెల్లారి గుడిసెలు పీకేస్తరు. నువ్వు సూడబోతే పెద్ద సార్ లెక్కనే ఉన్నవ్.”

జంగ్లాతోళ్లంటే అటవీశాఖవాళ్లు. నేను గోడ దగ్గరికి పోలేదు. సిస్టర్‌కు ఫోన్ కలిపి అవ్వ చేతికిచ్చాను. అవ్వ దాన్ని జోగి చెవి దగ్గర పెట్టింది. సిస్టర్ కోయలో ఏదో చెప్పింది. జోగి చాలాసేపు విని, మూట ఎత్తుకుంది.

బస్సు కదలబోతుంటే అవ్వ నాకు ఫోన్ తిరిగిచ్చి, “ఇగ భూపాలపల్లి దాంక నోరు మూసుకొని కూసో, దొరా,” అంది.

కూర్చున్నాను. ములుగులో ఇంకోసారి బస్సు మారి, మునిమాపువేళ చేరాం. స్టాండులోనే సిస్టర్ ఎదురొచ్చి, జోగి చేయి పట్టుకుని దవాఖానకు నడిచింది. పిల్లల వార్డులోకి మగవాళ్లను రానివ్వరు. పాపను నేను చూడనేలేదు.

చర్చి వరండాలో ఒడిశా ఇటుకబట్టీ కూలీల బంతిలో నాకూ అన్నం, పప్పు వడ్డించారు. నా పేరు కూడా ఎవరూ అడగలేదు. రాత్రి ఉండేవాళ్లకు చాప ఇస్తారు, దుప్పటి మాత్రం తెచ్చుకోవాలి. నాకు కునుకు పట్టలేదు.

తెల్లవారి హనుమకొండ బస్సెక్కాను. మనిషిని ముందు లోపలికి రానిచ్చి సంగతులు తర్వాత చూసుకుంటారు అక్కడ. నాకు అర్థమైనంతలో ఆ చర్చి పని ఇంతే. పరకాల దాటాక సిస్టర్ ఫోన్ చేసింది. జ్వరం కాస్త దిగిందట, పాప తల్లిని గుర్తుపట్టి గంజి తాగిందట. గండం గడిచినట్టేనా అంటే, ఇంకా చూడాలంది. జోగి పక్కనే ఉందట. నా గురించి ఏమైనా అన్నదా అని అడగబోయి, మానుకున్నాను.